మనకంటూ ఒక చోటు – భాగ్యరెడ్డి వర్మ జీవితం



మన సంచికలో ప్రతి సంవత్సరం ఒక మహనీయుని జీవితం ప్రచురించడం ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేడ్కర్ గురించి, జ్యోతిరావు ఫూలే దంపతుల గురించి, గుర్రం జాషువా గారి గురించి మన అన్నలు చక్కగా రాశారు. ఈసారి ఆ బాధ్యత మాకు అప్పగించారు. ఎవరి గురించి రాయాలా అని ఎక్కువ ఆలోచించే అవసరం రాలేదు. పీజీలో చేరే రోజుల్లో మాకు ఎదురైన ఒక చిన్న సంగతి ఆ పేరును మా ముందు పెట్టింది.

డిగ్రీ అయ్యాక పీజీ సీటు వచ్చి, డొంకరాయిలో ట్రంకు పెట్టెలతో బస్సెక్కి మేము ముగ్గురం ఒక పట్నానికి వెళ్ళాం. మా ముగ్గురి ఇళ్ళలోనూ డిగ్రీ దాకా వచ్చినవాళ్ళం మేమే మొదలు. యూనివర్సిటీ హాస్టల్లో చేర్చుకోవడానికి ఇంకా నెల రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా ఒక గది అద్దెకు తీసుకుందామని వీధులన్నీ తిరిగాం. ఒక ఇంటి గేటుకు టు-లెట్ బోర్డు కనిపించింది. గది బాగుంది. అద్దె మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చాం. ఇంటాయన డబ్బు లెక్కపెట్టుకుని, మంచినీళ్ళు తెప్పిస్తూ మేము ఏ కులమో అడిగాడు. చెప్పాం. ఆయన కోప్పడలేదు, ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. లోపలికి వెళ్ళి వచ్చి, ఆ గది తమ బంధువుల అబ్బాయికి కావాలన్న సంగతి మరిచిపోయానంటూ అడ్వాన్సు తిరిగి మా చేతిలో పెట్టాడు. వారం తర్వాత అదే దారిలో వెళ్తే బోర్డు అలాగే వేలాడుతోంది.

ఆ నెలంతా మన హాస్టల్ పాత విద్యార్థి అయిన ఒక అన్న గదిలో తలదాచుకున్నాం. ముగ్గురు పట్టే చోట ఆరుగురం సర్దుకున్నాం. ఒక రాత్రి ఈ గది సంగతి మాట్లాడుకుంటూ ఉంటే ఆ అన్న భాగ్యరెడ్డి వర్మ గారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఆ పేరు పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక మార్కు ప్రశ్నగా మాత్రమే మాకు తెలుసు. వంద సంవత్సరాలకు పైగా క్రితం, కూర్చోవడానికి తమకంటూ ఒక చోటు లేని జనం మధ్య పుట్టి, ఆ జనంతోనే సంఘాన్ని, బడులను, చివరికి ఒక భవనాన్ని నిలబెట్టిన మనిషి ఆయన. ఆ జీవితాన్ని మాకు అర్థమైనంత మేరకు మీ ముందు ఉంచుతున్నాం.

బాల్యం – ఒక పేరు

భాగ్యరెడ్డి వర్మ 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో జన్మించారు. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రాగమాంబ. ఆయన అసలు పేరు భాగయ్య. అప్పటి హైదరాబాదు నిజాం ఏలుబడిలోని సంస్థానం. సర్కారు కచేరీల్లో నడిచేది ఉర్దూ. పల్లెల్లో మాల మాదిగలకు ఊరి బయట వాడ, దొర ఇంట్లో వెట్టి, ఊరి బావికి దూరం. పట్నంలో గోడలు అంత స్పష్టంగా కనపడకపోయినా, గుడి దగ్గర, బడి దగ్గర, నీళ్ళ దగ్గర ఎవరు ఎక్కడ నిలబడాలో అందరికీ తెలుసు.

ఆయన పేరు మారడం వెనుక ఒక కథ ఉంది. వాళ్ళ కుటుంబానికి ఒక గురువు ఉండేవారు. రెడ్డి అన్న మాట రేడు నుంచి వచ్చిందని, రేడు అంటే రాజు అని, ఈ నేలను మొదట ఏలినవాళ్ళు మీ పూర్వీకులేనని ఆ గురువు చెప్పేవారు. అందుకే ఆ పిల్లవాణ్ణి భాగ్యరెడ్డి అని పిలిచారు. ఇది విన్నప్పుడు మాకు మన చుట్టుపక్కల కొండల్లోని కొండరెడ్ల గూడేలు గుర్తుకొచ్చాయి. వాళ్ళ పేరులోనూ అదే మాట ఉంది. ఆ గురువు చెప్పిన వ్యుత్పత్తిని పండితులు ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే సంగతి. నలుగురూ చిన్నచూపు చూసే ఇంట్లో పుట్టిన పిల్లవాడికి, నీ వెనుక ఒక చరిత్ర ఉందని చెప్పిన మాట అది. ఆ మాట ఆయన జీవితాంతం పనిచేసింది.

బీదరికం వల్ల చిన్నతనంలోనే పనికి వెళ్ళవలసి వచ్చింది. నగరంలో ఒక బారిస్టరు గారి ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లో పుస్తకాలు ఉన్నాయి, లోకం సంగతులు మాట్లాడుకునే మనుషులు ఉన్నారు. పని చేస్తూనే చదువు పట్టుకున్నారు. మన హాస్టల్లో స్టడీ అవర్లో నిద్ర వచ్చినప్పుడు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆయనకు స్టడీ అవర్ లేదు, వార్డెన్ లేరు, టైముకు గంట కొట్టేవాళ్ళు లేరు.

కథలతో మొదలైన సంఘం

1906లో, పద్ధెనిమిదేళ్ళ వయసులో, ఆయన జగన్మిత్ర మండలి అనే సంస్థను స్థాపించారు. జగన్మిత్ర అంటే లోకానికే మిత్రుడు. పద్ధెనిమిదేళ్ళంటే మనలో ఇంటర్ చదివే తమ్ముళ్ళ వయసు. ఆ వయసులో ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, ఉపన్యాసాలతో మొదలుపెట్టకపోవడం. చదువు రాని జనానికి ఉపన్యాసం ఎక్కదు. కానీ పగలంతా కష్టపడి వచ్చిన మనిషి కూడా సాయంత్రం హరికథ అంటే వచ్చి కూర్చుంటాడు. అందుకే వాడల్లో హరికథలు పెట్టించారు. పురాణ కథ వింటూ ఉండగానే తాగుడు గురించి, పిల్లల చదువు గురించి, మనిషికి మనిషి ఎందుకు తక్కువ కావాలన్న ప్రశ్న గురించి జనం చెవిన వేశారు.

1911లో జగన్మిత్ర మండలి మాన్య సంఘంగా మారింది. మాన్య అంటే గౌరవించదగినది అని అర్థం. లోకం అగౌరవంగా పిలిచే జనం తమ సంఘానికి పెట్టుకున్న పేరు అది. అప్పటి నుంచి పని వెడల్పయింది. బాల్యవివాహాలు వద్దని, పెళ్ళిళ్ళలో, పండుగల్లో తాగుడు మానాలని, ఆడపిల్లలను దేవుడి పేరు మీద జోగినులుగా, బసివిలుగా, మురళీలుగా విడిచిపెట్టే దురాచారం పోవాలని వాడవాడా తిరిగి చెప్పారు. ఈ చివరిది చాలా కష్టమైన పని. పైకులాల వాళ్ళు చేసే అన్యాయాన్ని ఎత్తి చూపితే మన వాళ్ళు చప్పట్లు కొడతారు. మన ఇంట్లో ఆడపిల్లకు మనమే చేస్తున్న అన్యాయాన్ని ఎత్తి చూపితే మన వాళ్ళకే కోపం వస్తుంది. ఆయన రెండూ చేశారు.

కులంలో తగాదాలు వస్తే కోర్టుల చుట్టూ, పోలీసుల చుట్టూ తిరిగి ఉన్నది పోగొట్టుకోకుండా సంఘం తరఫున పంచాయతీలు ఏర్పాటు చేశారు. సేవ చేయడానికి యువకులతో వాలంటీర్ల దళం పెట్టారు. 1910ల తొలి ఏళ్ళలోనే బుద్ధ జయంతి జరపడం ప్రారంభించారు. అంబేడ్కర్ గారు బౌద్ధం స్వీకరించింది 1956లో. అంతకు నలభై ఏళ్ళకు పైగా ముందే హైదరాబాదులో ఒక మాల యువకుడు బుద్ధుని పూర్ణిమ జరుపుకున్నాడంటే ఆయన చూపు ఎంత దూరం వెళ్ళిందో అర్థమవుతుంది.

1913లో ఆర్యసమాజం వారు ఆయన సేవలను మెచ్చి వర్మ అనే బిరుదు ఇచ్చారు. ఆ విధంగా భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యారు.

బడులు

హాస్టల్ పిల్లలుగా మనం బాగా తెలుసుకోవలసిన భాగం ఇది. 1910లో ఆయన హైదరాబాదులోని ఇసామియా బజారులో, లింగంపల్లిలో మన పిల్లల కోసం బడులు తెరిచారు. అప్పుడు ఆయన వయసు ఇరవై రెండు. సర్కారు భాష ఉర్దూ అయిన రోజుల్లో ఈ బడుల్లో చదువు తెలుగులో సాగింది. ఇంట్లో మాట్లాడే భాషలోనే అక్షరం దిద్దితే పిల్లవాడు బడికి భయపడడు. ఈ సంగతి మన కొండల్లో పనిచేసే టీచర్లను అడిగితే ఇంకా బాగా చెబుతారు.

ఈ బడులు పెరిగి పెరిగి పాతికకు పైగా అయ్యాయి. రెండు వేలకు పైగా పిల్లలు వాటిలో చదివారు. ఒక్కసారి ఆలోచించండి. సర్కారు స్కాలర్‌షిప్పు లేదు, మెస్ చార్జీలు లేవు, నోట్‌బుక్కులు, దుప్పట్లు ఇచ్చే శాఖ లేదు. కూలి నాలి చేసుకునే జనం ఇచ్చిన చందాలతో, మంచి మనసున్న కొందరు దాతల సాయంతో ఆ బడులు నడిచాయి. ఇరవై ఏళ్ళకు పైగా అలా నడిచాక, 1930లలో నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. అంటే మన సంఘం చేసి చూపించిన పనిని సర్కారు తన పనిగా ఒప్పుకోవలసి వచ్చింది. ఈనాడు ప్రభుత్వం మనకు పెడుతున్న అన్నం, చెబుతున్న చదువు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఇలాంటి మనుషులు ముందు తమ చేతులతో చేసి చూపించి, తర్వాత సర్కారును అడిగి తెచ్చిన హక్కులు అవి.

బెజవాడ సభ

భాగ్యరెడ్డి వర్మ పేరు ఆంధ్రదేశమంతా తెలిసింది 1917లో. ఆ సంవత్సరం నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో దళితుల మొదటి రాష్ట్ర మహాసభ జరిగింది. గూడూరు రామచంద్రరావు గారు పూనుకుని ఏర్పాటు చేశారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మను అధ్యక్షుడిగా పిలిచారు. సభకు మొదట పెట్టిన పేరు పంచమ మహాసభ. నాలుగు వర్ణాల తర్వాత అయిదోవాళ్ళు అన్న అర్థంలో మన వాళ్ళను ఆ రోజుల్లో పంచములు అనేవారు.

అధ్యక్ష పీఠం ఎక్కిన ఇరవై తొమ్మిదేళ్ళ యువకుడు మొదట ఆ పేరునే పట్టుకున్నారు. పంచములనే మాట పెద్దల గ్రంథాల్లో ఎక్కడా లేదని, మనం అయిదోవాళ్ళం కాదని, ఈ నేలకు మొదటివాళ్ళమని వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభగా ముగిసింది. మన పిల్లలకు బడులు కావాలని, తాగే నీటికి బావులు కావాలని తీర్మానాలు చేశారు. ఆ మూడు రోజులూ, దళితులు గుంపుగా వచ్చి గుడిలో అడుగుపెడతారేమోనన్న భయంతో కనకదుర్గమ్మ గుడి తలుపులు మూసేశారని చెబుతారు. సభకు వచ్చినవాళ్ళు అడిగింది బడి, బావి. మూసుకున్నది గుడి.

ఆ పేరు అక్కడితో ఆగలేదు. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ వంటి మాటలు మాని, సర్కారు కాగితాల్లో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. మన తాతల నాటి కాగితాల్లో ఎక్కడైనా ఆది ఆంధ్ర అని కనిపిస్తే, దాని పుట్టుక ఆ బెజవాడ సభలో ఉందని గుర్తుంచుకోండి.

చాదర్‌ఘాట్ భవనం

1920ల తొలి ఏళ్ళలో మాన్య సంఘం ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారింది. ఆ సంఘానికి కేంద్రంగా హైదరాబాదు చాదర్‌ఘాట్‌లో నిలిచినది ఆది హిందూ భవనం. మూసీ నది దగ్గర ఉన్న ఆ పేట నిజాముల కాలం నుంచీ పేరున్న ప్రాంతం. ఆ తర్వాతి కాలంలో వర్మ గారి స్మారకంగా ఆడపిల్లల బడి కూడా అక్కడ నడిచింది. ఇప్పటికీ ఆయన జయంతి, వర్ధంతి అంటే జనం గుర్తు చేసుకునే చోటు అదే.

ఒక భవనానికి అంత ప్రాముఖ్యం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. సంఘం నడవాలంటే కూర్చోవడానికి చోటు కావాలి. సభ పెట్టుకుందామంటే సత్రం ఇవ్వరు, గుడి మండపం ఇవ్వరు, ఇచ్చినా రేపు ఖాళీ చేయమంటారు. లెక్కల పుస్తకం పెట్టుకోవడానికి ఒక బీరువా, ఉత్తరం వస్తే అందుకోవడానికి ఒక చిరునామా, ఊరి నుంచి వచ్చిన మనిషి రాత్రికి పడుకోవడానికి ఒక అరుగు కావాలి. అవి ఉన్న రోజున సంఘం ఒక మనిషి ఇంటి మీద, ఒక మనిషి ఆరోగ్యం మీద ఆధారపడదు. అడ్వాన్సు తిరిగి చేతిలో పెట్టే ఇంటాయన అక్కడ ఉండడు.

సముద్రాల అవతల కూడా సరిగ్గా ఇదే జరిగింది. అమెరికాలో నల్లజాతివారి బానిసత్వం 1865 వరకు సాగింది. బానిసత్వం పోయాక కూడా తెల్లవారి హోటళ్ళు, హాళ్ళు, సంఘాలు వారిని రానివ్వలేదు. అందుకని వాళ్ళు సొంతంగా సోదర సంఘాలు పెట్టుకున్నారు. సభ్యుడు నెలనెలా కొంత చందా కడతాడు. జబ్బు చేస్తే సంఘం ఆదుకుంటుంది, చనిపోతే ఖర్చులకు డబ్బు ఇస్తుంది. బానిసగా పుట్టిన విలియం వాషింగ్టన్ బ్రౌన్ అనే ఆయన 1881లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో ట్రూ రిఫార్మర్స్ అనే అలాంటి సంఘాన్ని నిలబెట్టారు. ఆ సంఘం బ్యాంకుకు అనుమతి పత్రం వచ్చింది 1888లో. భాగ్యరెడ్డి వర్మ పుట్టిన సంవత్సరం కూడా అదే. నల్లజాతివారి యాజమాన్యంలో అమెరికాలో అనుమతి పొందిన మొదటి బ్యాంకు అది.

ఆ సంఘమే 1903లో అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో ఒక పెద్ద భవనం కట్టింది. డబ్బు వాళ్ళది, కట్టిన చేతులు వాళ్ళవి, నమూనా గీసిన ఆర్కిటెక్టు జాన్ లాంక్‌ఫర్డ్ కూడా వాళ్ళ మనిషే. అందులో దుకాణాలు, ఆఫీసులు, సభలు జరుపుకునే హాలు ఉండేవి. తర్వాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన సంగీత విద్వాంసుడు డ్యూక్ ఎలింగ్టన్ కుర్రతనంలో వాయించింది ఆ భవనంలోనే. కానీ 1910లో వాళ్ళ బ్యాంకు దివాలా తీసింది. తగిన హామీ లేకుండా అప్పులు ఇవ్వడం, లెక్కల్లో అవకతవకలు అందుకు కారణాలు. దానితో సంఘం కూడా బాగా దెబ్బతింది. భవనం మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది.

హైదరాబాదు సంఘానికి, ఆ అమెరికా సంఘానికి ఏ సంబంధమూ లేదు. అయినా రెండు చోట్లా కష్టం ఒకటే కాబట్టి తోచిన ఉపాయం కూడా ఒకటే అయింది. లోపలికి రానివ్వనివాళ్ళ గుమ్మం దగ్గర నిలబడి రోజులు గడపకుండా, పదిమంది పైసలు కూడబెట్టి సొంత గుమ్మం కట్టుకోవడమే ఆ ఉపాయం. రెండో పాఠం కూడా మరిచిపోకూడదు. ఇటుకలు నిలుస్తాయి కానీ లెక్క తప్పితే సంఘం నిలవదు.

జనాభా లెక్కల్లో పేరు

సొంత చోటు తర్వాత ఆయన పట్టుకున్నది మళ్ళీ పేరునే. నిజాం రాజ్యంలో జనాభా లెక్కలు తీసేటప్పుడు మన వాళ్ళను రకరకాల కించపరిచే పేర్లతో రాసేవారు. మమ్మల్ని ఆది హిందువులుగా రాయండని సంఘం ప్రభుత్వానికి వినతులు పెట్టింది. 1931 జనాభా లెక్కల్లో ఆ కోరిక నెరవేరింది. ఇక్కడ ఆది హిందూ అంటే మతం పేరు అనుకోకూడదు. హిందూ దేశానికి ఆదివాసులం, మొదటి జనం మేమే అన్నది ఆయన చెప్పిన అర్థం.

1925లో ఆది హిందువుల చేతిపనుల ప్రదర్శన ఏర్పాటు చేయించారు. 1930లో లక్నోలో జరిగిన ఆది హిందూ నాయకుల అఖిల భారత సభలో పాల్గొని, లండను రౌండ్ టేబుల్ సమావేశంలో మన తరఫున మాట్లాడవలసినది అంబేడ్కర్ గారేనని బలపరిచారు. వయసులో అంబేడ్కర్ గారి కంటే మూడేళ్ళు పెద్ద, ప్రజల్లో పని మొదలుపెట్టింది చాలా ముందు. అయినా పెద్దరికానికి పోకుండా, ఆ పనికి తగిన మనిషి ఎవరో గుర్తించి వెనుక నిలబడ్డారు. ఇది చిన్న గుణం కాదు. మన సంఘాలు చీలిపోయేది సాధారణంగా ఈ ఒక్క చోటనే.

1931లో భాగ్యనగర్ అనే పత్రిక ప్రారంభించారు. తర్వాత దాని పేరు ఆది హిందూ అని మార్చారు. అందులో ఆయనే వెట్టి మాదిగ అనే రచన చేశారు. కూలి లేకుండా చాకిరి చేసే మాదిగ మనిషి బతుకు గురించి ఒక మాల నాయకుడు రాసిన రచన అది.

విమర్శలు

మహనీయుల గురించి రాసేటప్పుడు మంచిమాటలే రాసి ముగించడం మనకు అలవాటు. కానీ ఆయన మీద విమర్శలు లేకపోలేదు. సంఘం పనుల్లో మాలల చేయి పైగా ఉందని, తమకు తగిన చోటు దక్కలేదని మాదిగ సోదరులు బాధపడ్డారు. 1930ల తొలి ఏళ్ళలో అరుంధతీయుల పేరుతో వారు వేరుగా సంఘం పెట్టుకున్నారు. అందరికీ చోటు కావాలని కట్టిన ఇంట్లో కూడా కొందరికి గుమ్మం దగ్గరే ఆగిపోయామన్న భావన కలిగిందంటే, ఇల్లు కట్టడంతో పని పూర్తి కాదని అర్థం. మన హాస్టల్లో ఒకే పళ్ళెం కడిగి ఇద్దరం తిన్న రోజులు ఉన్నాయి. మంచం ఎవరి పక్కన వేసుకోవాలన్న దగ్గర కులం గుర్తొచ్చిన రోజులు కూడా ఉన్నాయి. అది మనకు తెలుసు. తెలిసినప్పుడు ఒప్పుకోవడమే మంచిది.

ఆయన పని చాలా వరకు నగరంలోనే సాగిందన్నది ఇంకొక మాట. దూరపు పల్లెలకు, మన వంటి ఏజెన్సీ ప్రాంతాలకు ఆ వెలుగు చేరడానికి చాలా కాలం పట్టింది. అందుకు ఒక్క మనిషిని తప్పు పట్టలేం. చేరవేయవలసిన బాధ్యత తర్వాత వచ్చినవాళ్ళది.

ముగింపు

1939 ఫిబ్రవరి 18న, యాభై ఏళ్ళ వయసులో భాగ్యరెడ్డి వర్మ కన్నుమూశారు. ఆయన స్వతంత్ర భారతాన్ని చూడలేదు. అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగాన్ని చూడలేదు. సాంఘిక సంక్షేమ హాస్టల్ అనే మాటే ఆయన వినలేదు. ఆయన కుమారుడు ఎం.బి. గౌతమ్ గారు తండ్రి జీవితాన్ని గ్రంథస్థం చేయబట్టి ఈ సంగతులు మన దాకా వచ్చాయి. రాసి పెట్టకపోతే మన పెద్దలు మనకు మిగలరు. ఈ సంచికలో రాయడానికి బద్ధకించే తమ్ముళ్ళు ఇది గమనించాలి.

మా తాతలు డ్యామ్ పనికి ఈ కొండలకు వచ్చారు. రాళ్ళు మోశారు, కాలువ తవ్వారు. సీలేరు నీళ్ళతో పుట్టిన కరెంటు ఎక్కడెక్కడి పట్నాలకో వెళ్ళింది. వాళ్ళు కట్టినదాని మీద వాళ్ళ పేరు లేదు. మేము పెరిగిన మొదటి పక్కా గోడలు ఈ హాస్టల్‌వే. వంటాయన వడ్డించే సాంబారు, కామాటి మామ కొట్టే గంట, వర్షాకాలం పోయే కరెంటు, కొవ్వొత్తి చుట్టూ నలుగురం చేరి చదివిన లెక్కలు, ఇవే మాకు చోటు అంటే ఏమిటో నేర్పాయి. పట్నంలో ఆ ఇంటాయన అడ్వాన్సు తిరిగి ఇచ్చిన రోజు మాకు ఏడుపు రాలేదు. మన హాస్టల్ గుర్తుకొచ్చింది. ఇలాంటిది పట్నంలో కూడా ఒకటి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది.

అందుకే పాత విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. వార్షికోత్సవం రోజు సాయంత్రం భోజనాలయ్యాక ఒక గంట కూర్చుందాం. ఉద్యోగాల్లో ఉన్న ఇరవై మంది నెలకు తమకు తోచినంత వేసుకుంటే, పీజీ సీట్లు వచ్చే పట్నంలో మన హాస్టల్ పాత విద్యార్థుల పేరు మీద ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. కొండ దిగి కౌన్సెలింగ్‌కు వెళ్ళే తమ్ముడు ట్రంకు పెట్టె దించుకోవడానికి ఒక చోటు ఉంటుంది. అక్కడికి వచ్చినవాణ్ణి ఏ కులమని, ఏ తెగ అని ఎవరూ అడగకూడదన్నది మొదటి నియమం. లెక్కలు ప్రతి నెలా గోడకు అంటించాలన్నది రెండో నియమం. మా ముగ్గురి స్కాలర్‌షిప్పు నుంచి మొదటి నెల చందా ఇప్పటికే పక్కన పెట్టాం.

ఆది హిందూ భవనం కూడా ఒకనాడు ఇలాంటి ఒక సాయంత్రపు మాటగానే మొదలై ఉంటుందని మా నమ్మకం. భాగ్యరెడ్డి వర్మ గారికి దండ వేసి దండం పెట్టడం తేలిక. ఆ గంట సేపు కూర్చోవడమే ఆయనకు మనం ఇచ్చే అసలైన నివాళి.